నాగమణి గారు పెట్టనన్న సంతకం

2023 జూలై. ఏలూరు పవర్‌పేటలో నాది చిన్న డీటీపీ సెంటర్. చేతిరాతతో వచ్చినదాన్ని కంప్యూటర్‌లో కొట్టి, పేజీలు కట్టి, అచ్చుకు సిద్ధం చేయడమే డీటీపీ. శుభలేఖలు, కాలేజీ ప్రాజెక్టులు, చర్చి కరపత్రాలు, ఇవే మాకు తిండి పెట్టేవి. ఇరవై ఏళ్ళుగా ఎవరెవరి రాతలో కొడుతున్నాను గానీ, కొడుతూ కొడుతూ చెయ్యి ఆగిపోవడం మాత్రం ఆ ఏడాదే జరిగింది.

కథల పిచ్చి నాకు మొదటినుంచీ ఉంది. కొత్తగా రాసేవాళ్ళం ఓ పదిహేనుమందిమి నెలకో ఆదివారం తాడేపల్లిగూడెంలో ప్రకాశరావు మాస్టారి ట్యూషన్ గదిలో కలుస్తాం. ఆయన రిటైరైన తెలుగు టీచరు, ముక్కుసూటి మనిషి. మా బృందానికి ఫేస్‌బుక్‌లో ఓ పేజీ ఉంది. దాన్ని చూసుకునేది నేనే. నా సంగతి ముందే చెప్పేస్తాను, సంతోషం వస్తే నాకు కడుపులో దాగదు. పాయసం పొయ్యిమీంచి దించకముందే పక్కింటికి గిన్నె పంపించే రకాన్ని.

ఆ నెల సమావేశానికి కొల్లేటికోట నుంచి నాగమణి గారు వచ్చారు. కైకలూరు దగ్గర ఐస్ షెడ్డులో ఆవిడ పని. చెరువుల నుంచి వచ్చిన చేపల్ని సైజులవారీగా ఏరి, ట్రేలలో ఐసు వేసి సర్దుతారు. చదువు పదో తరగతి. సంచిలోంచి లాంగ్‌బుక్ తీసి, "ఏవండీ, ఇక్కడ చదివితే ఎవరూ నవ్వరు కదండీ?" అని అడిగారు.

కథ పేరు 'ఐసు చేతులు'. పొద్దుట్నుంచీ ఐసులో నాని మొద్దుబారిన చేతులతో ఒకావిడ ఇంటికొస్తుంది. చంటిదాని ఒంటిమీద చెయ్యి వేసి చూస్తుంది. జ్వరమో కాదో ఆ చేతికి తెలియదు. అంతే కథ. ఎప్పుడూ ఏదో ఒక వంక పెట్టే మాస్టారు ఇంకోసారి చదవమన్నారు.

అప్పుడే ఒక మాసపత్రిక కొత్తవాళ్ళకు పోటీ పెట్టింది. ఎంపికైన కథలన్నీ పుస్తకంగా వస్తాయి. ఇంతకుముందు ఏ పత్రికలోనూ కథ రానివాళ్ళే పంపాలి. గడువు శుక్రవారం. నాగమణి గారి మొహం వెలిగిపోయింది. తన పేరు ఇప్పటిదాకా రేషన్ కార్డు మీద తప్ప ఇంకెక్కడా అచ్చులో చూసుకోలేదని, ఒక్కసారి పుస్తకంలో చూసుకోవాలని ఉందని సిగ్గుపడుతూ చెప్పారు. డబ్బులొద్దు, నేనే కొట్టిపెడతాను అని లాంగ్‌బుక్ లాక్కున్నంత పని చేశాను.

ఆ రాత్రే కథ కొట్టేశాను. కొట్టి ఊరుకున్నానా? కాళ్ళు నేలమీద ఆనక, కథ మొత్తం మా ఫేస్‌బుక్ పేజీలో పెట్టేశాను. తెల్లారేసరికి లైకులే లైకులు, కామెంట్లే కామెంట్లు. సోమవారం మధ్యాహ్నం తీరిగ్గా హామీపత్రం కొట్టడానికి కూర్చున్నాను. ఈ కథ నా సొంతం, అనువాదం కాదు, ఇంకెక్కడా రాలేదు అని రచయిత సంతకం చేసి ఇచ్చే కాగితం అది. పోటీ నియమాలు పక్కన పెట్టుకుని చూస్తూ కొడుతున్నాను. నాలుగో నియమాన్ని రెండుసార్లు చదివాను. 'సోషల్ మీడియాలో వచ్చినవి కూడా పరిశీలించబడవు.'

కొంప ముంచేశాను. ఆవిడ కొంప.

ఉన్నపళంగా మాస్టారికి ఫోన్ చేశాను. "నిన్ననే పెట్టావు కదమ్మా, అంత తొందరేమొచ్చింది?" అని మాత్రం అన్నారు. తిట్టినా బాగుండేది. తర్వాత నాగమణి గారికి చేసి, ఏడుపు ఆపుకుంటూ ఉన్నదంతా చెప్పాను. పోస్టు ఇప్పుడే తీసేస్తానని, తీసేస్తే పత్రికవాళ్ళకు తెలిసే దారే లేదని, సంతకం ఒక్కటి పెట్టేయమని బతిమాలాను.

ఆవిడ వెనకాల ఐసు పగలగొడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"తీయకండి మేడంగారూ. మా షెడ్డులో ఆడాళ్ళందరూ ఫోన్‌లో చదివేరండి. చదవడం రానోళ్ళకి చదివి వినిపించేరు. ఇంకెక్కడా రాలేదని సంతకం పెడితే, వాళ్ళు చదివింది చదువు కాదన్నట్టే కదండీ."

మౌస్ మీంచి చెయ్యి తీసేశాను.

"గడువు శుక్రవారం కదండీ," అన్నారావిడే. "ఇంకోటి రాస్తానండి."

అక్కడినుంచి మొదలైంది అసలు సందడి. టీ విరామంలో ఆవిడ రాసిన కాగితం ఫొటో తీసి వాట్సాప్‌లో పంపేవారు. నేను కొట్టి ప్రూఫ్ పంపేదాన్ని. ప్రూఫ్ అంటే, తప్పులు సరిచూసుకోవడానికి ఇచ్చే మొదటి ప్రతి. ఫోన్ మోగితే చాలు, శుభలేఖలవాళ్ళను నిలబెట్టి పరిగెత్తేదాన్ని. మా ఆయన కూడా 'పేజీ వచ్చిందా?' అంటూ వంటింట్లోకి రావడం మొదలెట్టారు.

కొత్త కథలో ఒక రైతు భార్య ఆసుపత్రిలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్తూ, చేపల చెరువులో మేత వేసే పని పక్కింటి వదినకు అప్పజెబుతుంది. చిల్లులు పెట్టిన సంచుల్లో తవుడు నింపి, నీళ్ళలో పాతిన గెడలకు కట్టాలి. వదినకు ఆ ఇల్లంటే ప్రాణం. ఆప్యాయం ఎక్కువై, సంచికి సంచి అదనంగా కడుతుంది. మేత మిగిలి నీళ్ళు పాడవుతాయి. తెల్లవారుజామున చేపలన్నీ గాలికోసం తలలు పైకి తేలేస్తాయి.

అక్కడే నా చెయ్యి ఆగిపోయింది. ఆ వదిన నేనే! కోపం రాలేదు, భయం వేసింది. రైతు భార్య తిరిగొచ్చి ఈవిణ్ణి ఏమంటుంది? గురువారం పొద్దుపోయినా పేజీ లేదు. ఫోన్ చేసి అడగడానికి మొహం చెల్లలేదు.

శుక్రవారం మధ్యాహ్నం చివరి పేజీ వచ్చింది. అక్షరాల మీద నీటిచుక్కలు పడి అలుక్కుపోయాయి. చచ్చిన చేపల్ని ఇద్దరూ కలిసి గట్టుకు లాగుతారు. ఇంటికి వెళ్ళబోతున్న వదినను రైతు భార్య పిలుస్తుంది. 'రేపు కూడా నువ్వే వెయ్యి వదినా. కొలిచి వెయ్యి.'

ఆ రెండు వాక్యాలూ కొడుతూ షాపులో అందరి ముందూ ఏడ్చేశాను. హామీపత్రం కొట్టి పంపితే, షెడ్డు ఆఫీసులో ప్రింటు తీయించుకుని దానిమీద సంతకం పెట్టి ఫొటో తీసి తిప్పి పంపారు. సాయంత్రం అయిదింటికి కథ ఈమెయిల్‌లో పత్రికకు వెళ్ళిపోయింది.

ఆ వారం నేర్చుకున్నదేమిటంటే, ఎంత ముచ్చటపడినా కథ మనది కాదు. దాన్ని ఎప్పుడు ఎవరికి చూపించాలో రాసినవాళ్ళే చెప్పాలి. ఇప్పుడు మా బృందంలో ఎవరి కథ నా చేతికొచ్చినా ముందు అడుగుతాను, తర్వాతే మెచ్చుకుంటాను. మెచ్చుకోవడం మాత్రం తగ్గించలేదు, అది నావల్ల కాదు.

రెండు నెలల తర్వాత ఓ మధ్యాహ్నం నాగమణి గారు ఫోన్ చేశారు. పత్రిక నుంచి ఉత్తరం వచ్చిందట, కథ పుస్తకంలోకి తీసుకున్నారట. నేను కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను.

"ఇప్పుడు అందరికీ చెప్పుకోవచ్చాండీ?" అన్నారు.

"ఆగండి, ఆగండి. ఉత్తరం మొత్తం చదవండి," అన్నాను. ఆవిడ చదివారు. రెండోసారి కూడా చదివించాను. ఎక్కడా ఏ అడ్డూ లేదు.

"చెప్పుకోండి," అన్నాను.

ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఉందని నాకు తెలియదు. షెడ్డు షెడ్డంతా ఒక్కసారి కేరింతలు కొట్టింది. ఆ గోలలో ఎవరో ఒకావిడ గట్టిగా అడుగుతోంది, పుస్తకం మనకెప్పుడు చదివి వినిపిస్తావే మణీ అని.