మాస్టారికి వేయని పేపరు

ఆ రోజు ఉదయం బెజవాడ బండిలో వచ్చిన కట్టలో పేపర్లు సరిగ్గానే ఉన్నాయి. నేనే విప్పి చూసుకున్నాను. సైకిలు మీద వీధులన్నీ తిరిగి అందరికీ వేశాను, ఒక్క ఇంటికి తప్ప. మిగిలిన ఆ పేపరుని మడత విప్పకుండా ఇంటికి తెచ్చి ట్రంకు పెట్టెలో బట్టల అడుగున పెట్టాను. ఒక్క రోజు పేపరు. చేత్తో పట్టుకుంటే బరువే ఉండదు. ఇన్నేళ్ళుగా మోస్తున్నాను.

ఎవరికీ చెప్పలేదు. మీకు చెప్తున్నాను, మీరెవరో నాకు తెలియదు గనక.

అరవయ్యో దశకం చివరి సంవత్సరాలవి. తెనాలిలో నేను ఒక దినపత్రికకు విలేకరిని, ఏజెంటుని కూడా. వార్త రాసి పంపేదీ నేనే, అది అచ్చయి వస్తే తెల్లవారి గుమ్మంలో వేసేదీ నేనే. ఆఫీసంటూ లేదు. కాఫీ హోటల్లో ఒక మూల కూర్చుని రాసుకునేవాణ్ణి. సర్వరు బల్ల తుడుస్తూ నా కాగితాలు కూడా తుడిచేవాడు.

దాసు మాస్టారు మిషన్ స్కూల్లో చేసి రిటైరయ్యారు. ఆ సందులో పేపరు తెప్పించుకునేది ఆయనొక్కరే. మోకాళ్ళ నొప్పులతో గడప దాటడం తక్కువ. పేపరు మాత్రం మొదటి పేజీ నుంచి చివర అచ్చువేసినవాళ్ళ పేరు దాకా చదివేవారు. టెండర్లు, వేలం పాటలు, ఎవరివో పోయిన సర్టిఫికెట్ల ప్రకటనలు, అన్నీ. నెల కాగానే పేపర్లను తేదీల వరసన పేర్చి, దబ్బనంతో పురికొస గుచ్చి కుట్టి, అటక మీద పెట్టేవారు. ఆయన భార్య మేరమ్మగారికి ఉబ్బసం. తూర్పు కిటికీ పక్కనే ఆమె మంచం. డాక్టరు మందుకన్నా ఆ కిటికీ గాలే నయం అనేవారు.

కిటికీకి ఎదురుగా ఖాళీ స్థలం. దాన్ని పప్పుమిల్లు శేషయ్యగారు కొన్నారు. మూడంతస్తుల లాడ్జి కట్టాలని ఆయన పట్టుదల. అప్పుడు మా ఊళ్ళో నిబంధనలుండేవి. సందు వెడల్పును బట్టే మేడ ఎత్తు. పక్కింటి వైపు కొంత జాగా వదలాలి. ముందు బళ్ళు నిలపడానికి చోటు చూపించాలి. వీటిలో సడలింపు కావాలంటే పత్రికలో ప్రకటన వేయాలి. పదిహేను రోజుల్లో చుట్టుపక్కలవాళ్ళు అభ్యంతరం రాసిస్తే విచారించాలి. మునిసిపల్ ఆఫీసువాళ్ళు ఏదీ తప్పించలేదు. ప్రకటన వేయించారు. తప్పించింది నేను.

ఆ ప్రకటన పడే ముందురోజు సాయంత్రం శేషయ్యగారు హోటల్లో నా ఎదురుగా వచ్చి కూర్చున్నారు. "ఆ మాస్టారికి ప్రకటనలు కూడా చదివే జబ్బుందటగా. రేపొక్క రోజు ఆయన కళ్ళకి సెలవియ్యవయ్యా" అన్నారు నవ్వుతూ. ఆ తర్వాత, దానికీ దీనికీ సంబంధం లేనట్టు, లాడ్జి మేడ మీద రోడ్డువైపు ఒక గది ఉంటుందనీ, పత్రిక బోర్డు పెట్టుకోవడానికి బాగుంటుందనీ అన్నారు. నేను అవుననలేదు. కాదనలేదు. కాఫీ తాగాను.

మర్నాడు తిరిగొస్తుంటే మాస్టారు అరుగు మీదే ఉన్నారు.

"ఏంటబ్బాయ్, నా పేపరేదీ?"

"కట్టలో ఒకటి తగ్గిందండి మాస్టారూ."

"తగ్గితే నాకే తగ్గాలా? ఆ మిల్లు ఆసామికి తగ్గకూడదూ? ఆయన ఎటూ పొట్లాలకే వాడతాడు."

కిటికీలోంచి మేరమ్మగారు నవ్వారు. నవ్వుతోపాటే దగ్గొచ్చింది. "పోనిద్దురూ. ఇవాళ ఒక్కరోజు నా మొహం చదవండి."

"నలభై ఏళ్ళ నుంచీ చదువుతున్నాగా. కొత్త వార్తేం లేదు."

ముగ్గురం నవ్వాం. నేనూ నవ్వాను. ఇప్పటికీ నిద్రపట్టనివ్వనిది ఆ నవ్వే.

పదిహేను రోజులు గడువుంది. ప్రతి ఉదయం ఆ గుమ్మం ముందు సైకిలు దిగాను. ఏ ఒక్క రోజైనా "దొరికిందండి" అని చేతిలో పెట్టి ఉండొచ్చు. ఆయన అభ్యంతరం రాస్తే మాత్రం చెల్లేదా అని నాకు నేను చెప్పుకున్నాను, పెద్దవాళ్ళతో మనకెందుకని ఆయనే ఊరుకునేవారేమోనని కూడా చెప్పుకున్నాను, ఆ రెండు మాటల్లో ఏదీ నేనే నమ్మలేదని ఇప్పుడు తెలుస్తోంది. మరి దేనికి ఆగాను? గదికేనా? అంతేనా నేను?

పునాదులు సరిహద్దు గీత దాకా తవ్వాక మాస్టారు రిక్షా కట్టించుకుని ఆఫీసుకు వెళ్ళారు. గుమస్తా ప్రకటన పడిన తేదీ చెప్పాడు. గడువు దాటిపోయింది. మర్నాడు ఆయన గేటు దగ్గర నిలబడి నాకోసం చూస్తున్నారు.

"ఫలానా తేదీ పేపరు ఎక్కడైనా దొరికితే తెచ్చిపెట్టు నాయనా. ఆ నెల ఫైలు ఇంకా కుట్టలేదు."

"బెజవాడలో అడుగుతానండి" అన్నాను.

ఆయన గేటు వేసి లోపలికి నడిచారు. నా మొహంలోకి చూడనూ లేదు. ఆయనకు తెలిసిపోయిందా? లేక నిజంగా ఫైలు కోసమే అడిగారా?

లాడ్జి లేచింది. కిటికీలోంచి చెయ్యి చాపితే గోడ తగిలేది. లాడ్జికొచ్చే జట్కాలూ రిక్షాలూ మాస్టారి గేటుకి అడ్డంగా నిలిచేవి. ఆ వానాకాలం మేరమ్మగారికి ఆయాసం ఎక్కువై, బాపట్లలో ఆమె చెల్లెలి ఇంటికి తీసుకెళ్ళారు. ప్రతి శనివారం మాస్టారు ఆ మోకాళ్ళతోనే పాసింజరు ఎక్కేవారు. ఆమె మళ్ళీ తెనాలి రాలేదు. అక్కడే పోయారు.

లాడ్జి మేడ మీద నాకిచ్చిన గదికి పెద్ద కిటికీ ఉండేది. మంచి గాలి. అక్కడ కూర్చుని మురుగుకాలవల మీదా, రోడ్డు ఆక్రమణల మీదా రాశాను. బాగా రాస్తావన్నారు కొందరు. వెనక వరండాలోకి వెళ్తే మాస్టారి ఇంటి పెంకులు కనిపిస్తాయి. అటు వెళ్ళేవాణ్ణి కాదు.

కొన్నేళ్ళకు మాస్టారు ఇల్లమ్మేసి రేపల్లెలో మేనల్లుడి దగ్గరకు వెళ్ళిపోయారు. ఆయన పోయాక పేపర్ల ఫైళ్ళన్నీ అక్కడి ఒక గ్రంథాలయానికి ఇచ్చారని విన్నాను. పని మానేశాక, ఒకరోజు ట్రంకు పెట్టెలోంచి ఆ పేపరు తీసి సంచిలో పెట్టుకుని రేపల్లె బండెక్కాను.

ఆ నెల ఫైలు దొరికింది. కుట్టు గట్టిగా ఉంది. ముందురోజు పేపరుకీ మర్నాటి పేపరుకీ మధ్య ఒక తెల్లకాగితం పెట్టి కుట్టారు. దాని మీద మాస్టారి గుండ్రటి అక్షరాలతో తేదీ వేసి, కింద ఒక్క ముక్క: "ఈ రోజు పత్రిక అందలేదు."

ఎవరు వేయలేదో రాయలేదు. తెలియకా? తెలిసి కూడానా?

సంచిలో చెయ్యి పెట్టాను. ఆ కాగితం ఉన్నచోట నా పేపరు పెట్టడానికి చెయ్యి రాలేదు. సాయంత్రం బండికి తిరిగొచ్చాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. అడగాల్సినవాళ్ళు లేరు. ఇది రాయడం అయింది, భుజం కొంచెం తేలికైనట్టుంది, అంతే.

ఆ తెల్లకాగితం రేపల్లెలో ఆ ఫైల్లోనే ఉంది. పేపరు నా ట్రంకు పెట్టెలో ఉంది. మడత ఇప్పటికీ విప్పలేదు.