మస్తాన్ దగ్గని రోజు

మాచర్లలో ఐదో తరగతి చదివేటప్పుడు నాకు అక్షరాలు గుర్తుండేవి కావు. నిన్న నేర్చుకున్న అక్షరం ఇవాళ మొగం తెలియని చుట్టంలా కనిపించేది. చెవిన పడిందైతే ఒక్క ముక్క కూడా మర్చిపోయేవాణ్ణి కాదు. అందుకని బడికి వెళ్లే దారిలో నా స్నేహితుడు మస్తాన్ పాఠం చదివి వినిపించేవాడు. క్లాసులో నేను పుస్తకం పట్టుకుని అదే అప్పజెప్పేవాణ్ణి. పేజీ తిప్పాల్సిన చోట వాడు దగ్గేవాడు.

ఇన్‌స్పెక్టరు గారు వచ్చి, బాగా చదివినవాడికి ఫౌంటెన్ పెన్ను ఇస్తామన్నారు. ఈసారి తప్పితే పిడుగురాళ్ల సున్నపు బట్టీలో పనికి పెడతానని మా నాన్న అప్పటికే చెప్పి ఉన్నాడు. నేను గడగడా చదివాను. ఏడాదంతా దగ్గిన మస్తానుకు సరిగ్గా ఆ రోజే దగ్గు నయమైంది.

"ఒరే అబ్బాయ్, పేజీ తిప్పకుండానే అవతలి పక్క ఎలా చదువుతున్నావురా?" అన్నారాయన.

నేను మస్తాన్ వైపు చూశాను. వాడు పెన్ను వైపు చూస్తున్నాడు.

పెన్ను వాడికి, బట్టీ నాకు దక్కాయి.

"దగ్గలేదేందిరా?" అని సాయంత్రం అడిగాను.

"ఇవాళ గొంతు చానా బాగుందిరా" అన్నాడు.

విన్నవన్నీ గుర్తుండటం నా జబ్బు. వినపడని ఆ దగ్గు కూడా ఇంకా గుర్తుంది. ఇదంతా నేను చెబుతుంటే మా చెల్లెలు రాస్తోంది. కింద నా పేరే పెడుతుందని నమ్ముతున్నాను.