కొయినా పొట్లం, గజ్జెల చప్పుడు

ఆ రోజు నేను చేసిన తప్పు ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. ఏ మందూ అక్కరలేని బిడ్డకు మందు ఇచ్చాను. ఎందుకిచ్చానో ఒప్పుకోవడానికి మాత్రం ఇన్నేళ్ళు పట్టింది.

అప్పుడు మాది కర్నూలు జిల్లా, చెన్నపట్నం సర్కారు. పెద్దదోర్నాలకు ఆమడ దూరంలో, నల్లమల అంచున ఉన్న ఊళ్ళో బడిపంతులుగా ఉండేవాణ్ణి. బడి అరుగు మీదే పోస్టాఫీసు. దానికీ నేనే. కార్డులతో పాటు క్వినైన్ పొట్లాలు కూడా అక్కడే దొరికేవి. ఊళ్ళో వాళ్ళు వాటిని కొయినా అనేవారు. అడవి పక్క ఊరు కాబట్టి చలిజ్వరం ఎరగని ఇల్లు లేదు. పొట్లం ఎవరికి ఇవ్వాలో నాకు బాగా తెలుసు. వణుకు పుట్టి, ఒళ్ళు కాలి, చెమట పట్టి దిగిన జ్వరం ఒక రోజు విడిచి అదే వేళకు మళ్ళీ వస్తే ఇవ్వాలి. ముక్కు కారుతూ దగ్గుతో వచ్చే జ్వరానికి దానితో పని లేదు. అది నాలుగు రోజుల్లో తానే పోతుంది.

ఆ పొద్దున వచ్చింది మా వీధి చివరి రైతు భార్య. ఆమెను అక్కా అని పిలిచేవాణ్ణి. చంకలో ఆరేళ్ళ కూతురు. పిల్ల ముక్కు కారుతోంది, దగ్గుతోంది, ఒళ్ళు వెచ్చగా ఉంది. కళ్ళు మాత్రం చురుగ్గా నా బల్ల మీది తపాలా ముద్ర మీదే ఉన్నాయి.

"ఒక పొట్లమియ్యి అయ్యవారూ. రెండు దినాలాయ, తగ్గల్యా."

"ఇది జలుబు జ్వరం అక్కా. వణుకు వచ్చిందా?"

"వణుకు వచ్చేదాకా కూసోమంటావా? మా అత్తేమో యాపాకు, యాపాకు అని సంపుతాంది. నీకు తెలిసినంత ఆమెకు తెలుసునా ఏంది?"

ఆ చివరి మాటకు నేను పడిపోయాను. ఏమీ వద్దు, నీళ్ళు తాగించి కనిపెట్టుకొని ఉండు అని వాళ్ళత్త కూడా చెప్పగలదు. పొట్లం ఇస్తేనే నేను అయ్యవారిని. మూడు ఇచ్చాను, అవీ పెద్దవాళ్ళ మోతాదువి. "బెల్లంలో పెట్టి మింగించు. ఉమ్మితే మళ్ళీ పెట్టు" అని కూడా చెప్పాను. ఎంత ఉమ్మితే ఎంత పెట్టాలో చెప్పలేదు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం ఆ ఇంటి ముందు నుంచి వెళ్తుంటే గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. తాలింపు వాసన లేదు. రోకటి చప్పుడు లేదు. పిల్ల నాయనమ్మ గడప పక్కన కూర్చుని ఉంది.

"చెప్పులు ఆడ్నే ఇడిసి రా. పిల్ల మీదికి అమ్మవారు వచ్చింది" అంది.

పిల్ల నట్టింట్లో చాప మీద కూర్చుని ఉంది. జ్వరం దిగిపోయింది. తల కాస్త పక్కకు వంచి, దూరం నుంచి వస్తున్న దేన్నో వింటున్నట్టుంది. పిలిచాను. పలకలేదు. లోపల ఆమె తల్లి చేతిలోని సత్తుగిన్నె జారి బండ మీద పడింది. నేను ఉలిక్కిపడ్డాను. పిల్ల రెప్ప కూడా కదల్లేదు.

"గజ్జెలు" అంది ఉన్నట్టుండి, ఆ చిన్న ఇంటికి మరీ ఎక్కువైన గొంతుతో. "గజ్జెలు వస్తాండాయి. ఆగల్యా."

వీధిలో ఎండ తప్ప ఏమీ లేదు. ఒక్క క్షణం నాకూ ఆ చప్పుడు వినబడ్డట్టే అనిపించింది. ఆ వెంటనే అది ఏమిటో తెలిసింది. ఒకప్పుడు చలిజ్వరానికి నేనే క్వినైన్ ఎక్కువ మింగి, రెండు రోజులు చెవుల్లో అలాంటి మోత తప్ప ఇంకేమీ వినబడక తిరిగాను.

తల్లిని పక్కకు పిలిచి, "ఎన్నిసార్లు పెట్టినావక్కా?" అన్నాను.

"ఉమ్మినప్పుడల్లా పెడితి. నువ్వే గదా చెప్పింది. మూడూ నిన్న సందెకే అయిపోయినాయి. ఇంకోటి తెస్తానంటే, అమ్మ వచ్చిన ఇంట్లో మందేంది అని మా అత్త పోనీల్యా."

వేపాకు గురించి నేను బడిలో పిల్లల ముందు ఎన్నోసార్లు ఎగతాళి చేశాను. ఆ వేపాకే నాలుగో పొట్లాన్ని ఆపింది. నిజం చెబుదామని ముసలామె వైపు తిరిగాను.

"ఏందయ్యవారూ, నీ సర్కారు పొట్లానికే తగ్గిందంటావా?" అని ఆమె నవ్వింది.

"లేదులే అవ్వా" అని వచ్చేశాను.

ఆ మర్నాటికి గుమ్మం ముందు ఆడవాళ్ళు చేరారు. వాన పడుతుందా అని ఒకరు, తప్పిపోయిన ఎనుము దొరుకుతుందా అని ఒకరు పిల్లను అడుగుతున్నారు. పిల్ల వాళ్ళ పెదాలకేసి చూసేది. చెవిలో మోత ఓర్చుకోలేక తల విదిలించేది. అది అమ్మ చెప్పిన 'లేదు' అయ్యేది. అలసి గడ్డం కిందికి వాలితే అది 'అవును' అయ్యేది.

వాళ్ళలో ఊరి చివరి గుడిసెలోని చిన్నవయసు తల్లి ఉంది. ఆమె భుజం మీద ఏడాది బిడ్డ. ఆ బిడ్డకు నిజమైన చలిజ్వరం, అప్పటికే మూడు విడతలు వచ్చింది. ఎంత పెట్టాలో చెప్పి ఆ పొద్దునే నేను పొట్లం ఇచ్చాను. ఆమె ఆ పొట్లాన్నే చేతిలో పట్టుకుని, "తల్లీ, ఇది నా బిడ్డకు పెట్టేదా, వద్దా?" అని అడిగింది.

పిల్ల ఆమె నోటికేసి చూసింది. తర్వాత జనం మీదుగా నాకేసి చూసింది. తల విదిలించింది. కాసేపాగి ఇంకోసారి.

ఆ తల్లి పొట్లాన్ని వేపమండల కింద పెట్టి, దండం పెట్టుకుని వెళ్ళిపోయింది. నేను అక్కడే నిలబడి ఉన్నాను.

బడికి పోయి ఎక్కాలు చెప్పించాను. మనసులో వేరే లెక్క నడుస్తోంది. ఆ గుడిసెలోని బిడ్డకు నిన్న మధ్యాహ్నం వచ్చిన జ్వరం ఈ రోజు రాదు. రేపు, గుడిసె ముందున్న చెట్టు నీడ గడప తాకే వేళకు, మాట ఇచ్చిన మనిషిలా వస్తుంది. ఆ బిడ్డ ఎముకల గూడులా ఉంది. ఇంకో విడత తట్టుకుంటుందని చెప్పలేను. పిల్లల్ని ఇళ్ళకు పంపి, పొద్దు వాలకముందే మళ్ళీ ఆ గుమ్మం ముందుకు వెళ్ళాను. ఆడవాళ్ళు ఇంకా ఉన్నారు.

"ఆ చప్పుడు అమ్మది కాదవ్వా. నా మందుది. మందక్కరలేని జ్వరానికి పొట్లాలిస్తిని. నిన్నటి నుంచి తెలిసీ చెప్పలేదు."

పిల్ల తల్లి నన్నే చూసి, "నువ్వు అయ్యవారివని గదయ్యా అడిగింది" అంది.

ముసలామె మాత్రం వేపమండలు సర్దుతూ, "ఇదీ అమ్మ పనే. లేకుంటే నీ నోట నిజం ఎట్ల వచ్చె?" అంది. "పో, ఆ బిడ్డ పొట్లం తీసుకపో."

తీసుకుపోయాను. గుడిసెలో కూర్చుని, బిడ్డ వయసుకు తగ్గ వంతు చాకుమొనతో విడదీసి నా చేత్తోనే పెట్టాను. మర్నాడు నీడ గడప తాకకముందే వెళ్ళి కూర్చున్నాను. వణుకు వచ్చింది, కానీ జ్వరం త్వరగా దిగింది. ఆ తర్వాతి విడతకు నీడ గడప దాటి లోపలికి వచ్చింది. జ్వరం రాలేదు.

ఆరేళ్ళ పిల్ల దగ్గరికి మాత్రం రోజూ బడి వదిలాక వెళ్ళేవాణ్ణి. ఆమె వెనక కూర్చుని పలక మీద బలపంతో తట్టేవాణ్ణి. ఐదు రోజులు ఆమె తిరిగి చూడలేదు. ఆరో రోజు తట్టడం మానేసి గట్టిగా గీశాను.

"గీకొద్దు అయ్యవారూ, పండ్లు జివ్వుమంటాండాయి" అంది, తిరిగి చూడకుండానే.

ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు ఎండవేళ ఆ పిల్ల వీధిలో ఆట మధ్యలో ఆగి, తల పక్కకు వంచి నిలబడేది. ఏం వింటున్నావని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

అప్పటి నుంచి పిల్లల కోసం అడిగిన పొట్లం అరుగు మీద ఇవ్వలేదు. ఇంటికి వెళ్ళి బిడ్డను చూసేవాణ్ణి. జలుబైతే, "ఏమీ వద్దక్కా, నీళ్ళు తాగిస్తా ఉండు, రేపు మళ్ళా వస్తా" అనేవాణ్ణి. అని ఊరుకోకుండా, మర్నాడు వెళ్ళేవాణ్ణి.