సుభద్రగారు వేయించిన తలుపు

స్పిరిట్‌లో ముంచిన దూది వాసన తగిలితే చాలు, నా మణికట్టు మీద సుభద్రగారి చల్లటి వేళ్లు ఆనినట్టుంటుంది. మొన్న రక్తపరీక్షకు వెళ్లినప్పుడూ అంతే. గుడివాడలో నేను కంప్యూటర్లు చూసుకున్న ఆసుపత్రికి ఆవిడ పెద్ద డాక్టరు. ఆవిడ నోటికి జడవనివాళ్లు లేరు.

రెండువేల దశకం చివర్లో గుండెజబ్బుల వార్డుకి కొత్త పరికరాలు వచ్చాయి. ప్రతి మంచం దగ్గరా ఒక చిన్న పెట్టె, అన్నిటికీ కలిపి నర్సుల బల్ల మీద ఒకే తెర. డాక్టర్లు ఇంటినుంచే చూసుకోవచ్చని కంపెనీవాళ్లు దాన్ని ఇంటర్నెట్‌కి తగిలించారు. పాస్‌వర్డ్ ఏమిటయ్యా అంటే, దుర్గమ్మ. ఆ తెరని నడిపే కంప్యూటర్‌కి, దసరా పూజ బొట్ల పక్కనే, ఆ పేరు చీటీ రాసి అంటించారు కూడా. తీసెయ్యమని నేను మొత్తుకున్నాను.

"అమ్మవారి పేరేగా మేడం" అన్నాడు కంపెనీ ఇంజనీరు సుభద్రగారితో.

"అమ్మవారు కాపలా కాస్తుంది సరే, తాళంచెవి గుమ్మానికి వేలాడదీయమందా?" అన్నారు సుభద్రగారు. అయినా యాజమాన్యం చెవిన పెట్టలేదు.

ఆ నెలలోనే గుండెనొప్పితో మా నాన్నని అదే వార్డులో చేర్చాం. మర్నాడు పొద్దున తెర మీద నాన్న గుండెగీత ముగ్గేసినట్టు చక్కగా కనిపిస్తోంది. "బాగుందండీ" అన్నాను, అప్పుడే వచ్చిన సుభద్రగారితో. ఆవిడ తిన్నగా మంచం దగ్గరికి వెళ్లి నాన్న చెయ్యి పట్టుకున్నారు. ముఖం మారిపోయింది.

"సిస్టర్, త్వరగా రండి. ఆ గీత ఇప్పటిది కాదు."

ఎవడో ఇంటర్నెట్ దారిన ఆ పాస్‌వర్డ్‌తో లోపలికి దూరి వైరస్ వదిలాడని తర్వాత తేలింది. తెర పాతగీత దగ్గరే బిగుసుకుపోయింది. ఈలోగా నాన్న గుండె లయ తప్పింది. ఇంజెక్షన్లు పడ్డాయి. చాలాసేపటికి నాన్న కళ్లు తెరిచి, "కాస్త కాఫీ ఇప్పించవే" అన్నాడు. ప్రాణం లేచొచ్చి, అక్కడే నిలబడి ఏడ్చేశాను. సుభద్రగారు నా మణికట్టు పట్టుకుని, "మీ నాన్నకంటే నీదే ఎక్కువ కొట్టుకుంటోంది, కూర్చో" అన్నారు.

నాన్న కుదుటపడ్డాక ఆవిడ ఆ ఇంటర్నెట్ వైరు నాచేతే పీకించారు. "మాది దివిసీమమ్మా. చేలో మురుగునీరు సముద్రంలోకి పోవాలని కాలవ తవ్వుతాం. దానికి తలుపు లేకపోతే, పోటుకి ఉప్పునీళ్లు ఆ దారినే వచ్చి చేలో కూర్చుంటాయి. బయటికి దారి పెట్టినవాడు తలుపూ పెట్టాలి" అన్నారు. సరైన కట్టుదిట్టాలు చేసేదాకా ఆ వైరు మళ్లీ తగలనివ్వలేదు.

సుభద్రగారు ఇప్పుడు లేరు. నాన్న ఉన్నాడు. చేతి గడియారమే నాడి లెక్క చెబుతుంటే చూసుకుని మురిసిపోతాడు.

"ఏదీ, చెయ్యి ఇటివ్వు నాన్నా" అంటాను. నా వేళ్ల కింద నాడి కొట్టుకున్నాకే నమ్ముతాను.