ఫోనులో చేసిన బండి సర్వీసింగ్

ఆగస్టు మూడో వారం. ఉదయం పదకొండు ఇరవైకి సరిహద్దులోని మా సైనిక పోస్టు చేరాను. పదమూడు వేల అడుగుల ఎత్తు. రోడ్డు అక్కడితో అయిపోతుంది. ఎండ చుర్రుమంటోంది, నీడలోకి జరిగితే పళ్ళు కొట్టుకుంటున్నాయి. ట్రక్కు మీంచి నా పెట్టె దించబోయి సగంలో కూలబడ్డాను. ఊపిరి అందలేదు.

సుబేదార్ సాబ్ వచ్చి చూశాడు. "రెండు రోజులు పడుకో మిస్త్రీ. బరువు ఎత్తకు. ఇది ఆర్డరు," అన్నాడు. సైన్యంలో మెకానిక్‌ని మిస్త్రీ అంటారు. రిటైరయ్యేదాకా నా పేరు కాగితాల మీద తప్ప ఎవరి నోటా వినలేదు.

నా చేతికింద రెండు జీపులు, ఒక డీజిల్ జనరేటరు, కింది క్యాంపుకి కాగితాలు మోసే పాత మోటార్‌సైకిల్ ఒకటి. డ్యూటీ ఆరు గంటలకి మొదలు. అక్టోబరు వచ్చేసరికి ఇంజన్ ఆయిలు పాకంలా చిక్కబడేది. స్టవ్వుతో ఇంజన్ అడుగున ముప్పావుగంట వేడి చూపిస్తే గాని జీపు దగ్గేది కాదు. చేతికి మూడు జతల గ్లౌజులు. బోల్టు పట్టాలంటే రెండు జతలు తీసెయ్యాలి. తీసిన నిమిషన్నరకి చేయి మనది కాదు.

ఇప్పుడు పుదుచ్చేరిలో, మా నటేశన్ నగర్‌లో ఎవరు కొత్త బండి కొన్నా నన్నే అడుగుతారు. "సార్, షోరూమ్‌లో సర్వీసుకి ఇద్దామా, ఇంట్లోనే చూసుకుందామా?" అని. నేను ఒక్క మాటలో చెప్పను. ఈ కథ చెబుతాను. ఓపిక లేనివాళ్ళు లేచి వెళ్ళిపోవచ్చు, నేనేమీ అనుకోను.

పోస్టుకి వెళ్ళేముందు సెలవులో ఒక మోటార్‌సైకిల్ కొన్నాం. నేను తోలింది పదకొండు రోజులు. ఆ తర్వాత అది వసంతది. వసంత నా భార్య, మా మేనమామ కూతురు. సేదరపేట్‌లో ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ చెకింగ్ పని. స్కూటీ కొనుక్కోమంటే, "నువ్వు తోలే బండి నేనేం తోలలేనా?" అని పంతం పట్టి నేర్చుకుంది.

పోస్టులో మొబైల్ సిగ్నల్ లేదు. ఒకే ఒక్క శాటిలైట్ ఫోను. ఆదివారం పదహారు గంటల నుంచి, అంటే సాయంత్రం నాలుగు నుంచి, మనిషికి ఆరు నిమిషాలు. రేడియో ఆపరేటర్ గడియారం చూస్తూ పక్కనే కూర్చుంటాడు. అతనికి తెలుగు రాదు, అదొక్కటే మాకు మిగిలిన చాటు.

సెప్టెంబరు మొదటి ఆదివారం వసంత అడిగింది. "బావా, బండి సర్వీసుకి వచ్చింది. షోరూమ్‌లో ఇచ్చేదా, ఇంట్లోనే చూసుకునేదా? ఆదివారం వాళ్ళు తెరవరంట. లీవు పెట్టల్ల."

"షోరూమ్ ఏందికి? నేను లేనా?" అన్నాను.

నిజానికి లేను. మూడు వేల కిలోమీటర్ల అవతల ఉన్నాను. కానీ మెకానిక్ పెళ్ళాం బండిని ఇంకొకడి చేతికి ఇవ్వడమా! నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఆ రోజు నుంచి ఫోనులోనే సర్వీసింగ్. ఒక ఆదివారం ఆయిలు మార్పించాను. ఒక ఆదివారం చైను. స్కేలు పెట్టి కొలిచి, "రెండున్నర సెంటీమీటర్లు ఆడతా ఉండాది బావా, సెరేనా?" అనేది. చివరి నిమిషంలో బండి స్టార్ట్ చేసి ఫోను ఇంజన్ దగ్గర పెట్టేది. నేను కళ్ళు మూసుకుని వినేవాణ్ణి. రేడియో ఆపరేటర్ కూడా చెవి ఒగ్గేవాడు. "మిస్త్రీ, మన జనరేటర్ కంటే మీ ఆవిడ బండే నయం," అని ఎగతాళి చేసేవాడు. ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. అంత దూరంలో ఉన్నా ఇంటికి పనికొస్తున్నాను కదా అని.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా అమ్మ తరపు తాత కాలం నుంచి మాది ఇనుప సామాన్ల అంగడి. పుదుచ్చేరి గాలిలో ఉప్పు ఉంటుంది. రాత్రి పెట్టిన మేకు పొద్దున్నకి ఎర్రబారుతుంది. అందుకని ఆయుధ పూజకి ముందు అంగట్లో ప్రతి వస్తువునీ, కత్తెర నుంచి గడ్డపార దాకా, నూనె గుడ్డతో తుడుస్తాం. "మెరిసే ఇనుముకి నూనె పెట్టు," ఇది మాకు ఉగ్గుపాలతో వచ్చిన మాట. ఆయుధ పూజ ముందు ఆదివారం వసంతకి అదే చెప్పాను. "బండి బాగా కడుగు. ఆరినాక మెరిసే ఇనుమంతా నూనె గుడ్డతో తుడువు. తర్వాతే గంధం, బొట్లు."

"తెలుసులే బావా, నేనూ ఆ అంగట్లో పెరిగినదాన్నే," అంది.

పండగ తర్వాతి ఆదివారం ఇంజన్ వినిపించమన్నాను. పెట్రోలు అయిపోయిందంది. ఆ పైవారం పక్కింటివాళ్ళు తీసుకుపోయారంది. గొంతులో తేడా తెలిసింది. శాటిలైట్ ఫోనులో గొంతు అంతేలే అని సర్దుకున్నాను.

మూడో ఆదివారం ఫోను ఎదురింటి చిన్నమ్మ తీసింది. పాపం, ఆమెకి దాచడం రాదు. "నాయినా, వసంత వస్తా ఉండాది. కట్టు కట్టినారు గదా, చెయ్యి లేపేదానికి కాలా. నువ్వు బయపడబాక, ఎముక అతుక్కుంటా ఉండాది అని డాక్టరు చెప్పినాడు."

వసంత ఫోను లాక్కుంది. "ఏమీ లేదు బావా. జారి పడినా, అంతే."

"ఎట్ట జారినావు? యాడ?"

"వైట్ టౌన్‌లో. పూజ అయినాక, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, ఒక చుట్టు పోయొద్దామని బీచ్ దిక్కు పోయినా. ఒక తాత సైకిల్లో సందులోనుంచి అడ్డం వచ్చినాడు. ముందు బ్రేకు పట్టినా. పట్టలా. ఆయనకి తగలకూడదని గోడ దిక్కు తిప్పినా. తాతకి ఏమీ కాలా బావా, నెజంగా."

"బ్రేకు ఎందుకు పట్టలేదు? నూనె ఎక్కడెక్కడ తుడిచినావు?"

"నువ్వు చెప్పినట్టే. మెరిసేదంతా."

"ముందు చక్రం పక్కన గుండ్రంగా పళ్ళెం మాదిరి ఉంటుందే, అది?"

"అది కూడా. బండిలో బాగా మెరిసేది అదే గదా."

అది బ్రేకు డిస్కు. రెండు ప్యాడ్లు దాన్ని గట్టిగా పట్టుకుంటేనే బండి ఆగుతుంది. దానికి నూనె రాస్తే ఇంక పట్టేదేముంది! పోస్టులో ఉన్న పాత మోటార్‌సైకిల్‌కి బ్రేకు డ్రమ్ము లోపల ఉంటుంది, బయట ఎంత నూనె తుడిచినా నష్టం లేదు. ఇంటి బండికి డిస్కు ఉందని నాకు తెలియదా? తెలుసు. దాన్ని ముట్టుకోవద్దని ఒక్క మాట చెప్పలేదు.

"ఇంక అంతా షోరూమ్‌కే," అన్నాను. "నువ్వు ఒక బోల్టు కూడా ముట్టుకోవద్దు. నేను చెప్పిందేదీ వినొద్దు."

శాటిలైట్ ఫోనులో జవాబు రావడానికి ఒక సెకను పడుతుంది. ఆ సెకను అయ్యాక వసంత అడిగింది.

"అట్టయితే ఆదివారం ఏం మాట్లాడేది బావా? బాగుండావా, తిన్నావా, అర నిమిషంలో అయిపోతాయి. మిగిలిన ఐదున్నర నిమిషాలు నాకు ఆ బండే గదా."

రేడియో ఆపరేటర్ వేలు పైకెత్తాడు. టైమైపోయింది. లైను తెగింది.

జీపు షెడ్డులోకి వెళ్ళి ఏడ్చాను. సిగ్గెందుకు, ఏడ్చాను. నా మాట విన్నందుకు దాని చెయ్యి విరిగింది. వంటవాడు టీ తెచ్చి, చూడనట్టు బానెట్ మీద పెట్టి పోయాడు. కాసేపటికి సుబేదార్ సాబ్ వచ్చాడు. సంగతంతా విని, జీపు టైరు మీద కూర్చున్నాడు.

"జీపు గేరుబాక్సు ఇక్కడ విప్పుతావా మిస్త్రీ?"

"విప్పను సాబ్. కింది వర్క్‌షాపుకి పంపుతాను."

"ఎందుకు, పని రాదా?"

"వచ్చు. ఇక్కడ తగిన సామాను లేదు, పరీక్షించే వీలు లేదు. తప్పు జరిగితే మనిషి పోతాడు."

"అయితే డ్రైవరుని ఆయిలు, నీళ్ళు, గాలి కూడా చూసుకోవద్దని చెప్పు."

"అదెట్లా సాబ్? వాడు రోజూ చూసుకోకపోతే బండి వారం నడవదు."

"ఇక్కడ ఇంత లెక్క తెలిసినవాడివి, ఇంటి దగ్గరికొచ్చేసరికి ఏమైంది నీకు?" అని లేచి వెళ్ళిపోయాడు. అంతకంటే గట్టిగా ఆయన నన్నెప్పుడూ తిట్టలేదు.

తర్వాతి ఆదివారం కాగితం మీద రాసుకుని చదివాను. ఆయిలు, చైను, టైర్లలో గాలి, బ్యాటరీ, కడగడం, వసంత పని. బ్రేకులు, ముందు ఫోర్కు, చక్రాల బేరింగులు, స్టీరింగు, షోరూమ్ పని. ఏది ఎవరిదో తెలియకపోతే షోరూమ్‌దే. ముందు బ్రేకు ప్యాడ్లు మార్పించి, డిస్కు శుభ్రం చేయించేదాకా బండి కదలకూడదు.

"సెరి. ఆర్డరు ఆర్డరే," అంది. తర్వాత మెల్లగా, "చైను గురించి ఇప్పుడే అడిగేదా, వచ్చే వారమా?" అంది. నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. రేడియో ఆపరేటర్ గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఆ రోజు మాకు తొమ్మిది నిమిషాలు ఇచ్చాడు. సుబేదార్ సాబ్ లాగ్‌బుక్కు చూసి సంతకం పెట్టేశాడు.

మే నెల. సెలవు దొరికింది. ఉదయం తొమ్మిదింపావుకి పుదుచ్చేరి బస్టాండులో దిగాను. ముప్పయ్యారు డిగ్రీలు. చెమట, ఉప్పు గాలి, మల్లెపూలు, డీజిలు. వసంత బండి మీద వచ్చింది. పెట్టెని ఆటోలో వేశాం. తాళం కోసం చెయ్యి చాచాను.

"ఎనక కూచో," అంది.

కూర్చున్నాను. మా పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో దాని వెనక కూర్చోవడం అదే మొదలు. దాని కుడి మణికట్టు నుంచి మోచేతి దాకా మచ్చ. ఫోనులో "చిన్న గీత" అని చెప్పింది. సిగ్నల్ దగ్గర బండి మెత్తగా, సూటిగా ఆగింది. షోరూమ్‌వాళ్ళు పని బాగా చేశారు. చైను చప్పుడు లేదు, అది వసంత పని.

సిగ్నల్ దాటాక రోడ్డు బోసిగా ఉంది. ముందు ఒక్క బండి లేదు. అయినా దాని కుడిచేతి రెండు వేళ్ళు బ్రేకు లివరు మీదే ఉన్నాయి.

"వసంతా, రోడ్డు కాలీగా ఉండాది గదా. బ్రేకు మీద ఆ వేళ్ళు ఏందికి?"

"ఏ వేళ్ళు?" అని కిందికి చూసుకుంది. "అయ్యో, నేను యాడ పెట్టినా!" అని నవ్వి తీసేసింది.

మలుపు రాకముందే ఆ రెండు వేళ్ళూ మళ్ళీ లివరు మీదికి చేరాయి. ఆ సంగతి దానికి తెలియదు.

రిటైరయి ఇంటికొచ్చి చాలాకాలమైంది. ఆ కొండలు, ఆ మంచు నాకు సరిగ్గా గుర్తుకు రావు. దాని వెనక కూర్చున్న ప్రతిసారీ ఆ వేళ్ళనే చూస్తాను. ఇవాళ పొద్దున్న కూరగాయలకి వెళ్ళినప్పుడు కూడా అక్కడే ఉన్నాయి.