కింద పడ్డ కవి

వసుమతి గారు తెనాలిలో ఒక డిగ్రీ కాలేజీలో పద్నాలుగేళ్లు ఇంగ్లీషు చెప్పారు. సిలబస్‌లో పెన్‌రిడ్జ్ అనే ఆయన కవిత ఒకటి ఉండేది. కవిత పదహారు లైన్లు. కవి పరిచయం మాత్రం మూడే లైన్లు: ఇంగ్లీషు నవలాకారుడు, యుద్ధకవి, 1917లో ఫ్రాన్స్‌లో 'ఫెల్'.

"యుద్ధం సంగతి చెప్పేటప్పుడు ఫెల్ అంటే కింద పడటం కాదు, ప్రాణాలు వదలడం" అని ఆవిడ ఏటా చెప్పేవారు. చెప్పి కాసేపు ఆగేవారు.

1994లో దివాకర్ అనే విద్యార్థి, కవిగారు ఫ్రాన్స్‌లో కింద పడ్డారని పరీక్షలో రాశాడు. ఆవిడ సున్నా వేసి, ఆ వాక్యాన్ని క్లాసులో చదివి వినిపించారు. అరవైమంది నవ్వారు. డిగ్రీ అయ్యేదాకా అతన్ని అందరూ 'పడ్డకవి' అనే పిలిచారు.

2001లో భర్త రాజారావు గారికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చి ఇద్దరూ అమెరికాలోని ప్లేనో చేరారు. డిపెండెంట్ వీసా మీద ఆవిడ జీతం తీసుకోకూడదు. ఊరికే పనిచేస్తే ఎవరికీ అభ్యంతరం లేదు. మూడో ప్రయత్నంలో డ్రైవింగ్ లైసెన్స్ తెచ్చుకుని, వారానికి మూడు రోజులు లైబ్రరీలో పుస్తకాలు సర్దేవారు.

2004 వేసవిలో, ఎవరూ తీసుకెళ్లని పాత పుస్తకాలను ఏరి పక్కన పెట్టమన్నారు. వాటిలో పెన్‌రిడ్జ్ నవల ఒకటి కనిపించింది. అట్ట మీద బట్టతల పెద్దాయన, పక్కన కుక్క. 'రచయిత భార్యతో డెవన్‌లో ఉంటున్నారు' అని కింద రాసి ఉంది. పుస్తకం అచ్చయింది 1951లో.

ఇంకో పెన్‌రిడ్జ్ అయి ఉంటాడనుకుని ముందుమాట తిప్పారు. అక్కడే నిలబడి చదివారు. '1917లో ఫ్రాన్స్‌లో కంచర గాడిద మీంచి పడ్డాను. తుంటి విరిగింది. నన్ను ఇంటికి పంపేశారు. మరుసటి వారం మా దళం ముందుకు కదిలింది. వెనక్కి వచ్చింది నలుగురు.'

ఆ సాయంత్రం రాజారావు గారికి చెప్పారు.

"అయితే బతికాడన్నమాట. మంచిదేగా?" అన్నారాయన.

"నేను పద్నాలుగేళ్లు చంపానండీ."

"ఏటానా?"

"ఏటా. ఆగస్టులో."

పాత విద్యార్థుల ఈమెయిల్ గ్రూపులో వెతికితే దివాకర్ పక్క ఊరు ఫ్రిస్కోలోనే ఉన్నాడని తేలింది. ఇరవై నిమిషాల డ్రైవ్. శనివారం పుస్తకం పట్టుకుని వెళ్లారు. తలుపు తీసింది అతని భార్య గీతాంజలి.

"కూర్చోండి మేడమ్, కాఫీ తీసుకోండి" అన్నాడు దివాకర్.

"ముందు ఇది చదువు."

అతను నిలబడే చదివాడు. "ఇదేగా నేను రాసింది?"

"అదే. నీది కరెక్ట్. సున్నా వేయడం నా తప్పు. అందరి ముందూ చదవడం అంతకంటే పెద్ద తప్పు. క్షమించమని అడగడానికి వచ్చాను."

దివాకర్ పుస్తకం మూసి బల్ల మీద పెట్టాడు. "తెలిసి రాయలేదు మేడమ్. మీరు ఆ పాఠం చెప్పిన రోజు నేను సినిమాకెళ్లాను."

"అయినా కరెక్టే."

"పడ్డకవి అంటే ఇదా?" అంది గీతాంజలి. "మా పెళ్లిలో ఫ్రెండ్సంతా అలాగే పిలిచారు. కాలేజీలో కవిత్వం రాసేవాడేమో అనుకున్నాను."

"అనుకుంటే అనుకోనీ అని ఊరుకున్నా" అన్నాడు దివాకర్.

కాఫీ చల్లారింది. మళ్లీ పెట్టారు. వెళ్లేటప్పుడు అతను కారు దాకా వచ్చి, ఆ క్లాసులో నవ్విన వాళ్లలో ముగ్గురి ఫోన్ నంబర్లు రాసిచ్చాడు. ఆవిడ ముగ్గురికీ ఫోన్ చేశారు. ఇద్దరికి పెన్‌రిడ్జ్ ఎవరో గుర్తులేదు. కాలేజీకి ఉత్తరం రాస్తే, ఆ కవితను సిలబస్ నుంచి తీసేశామని జవాబొచ్చింది.

ఆవిడ వేరే ఊళ్ల లైబ్రరీల నుంచి పెన్‌రిడ్జ్ రాసిన తొమ్మిది నవలలూ ఒక్కొక్కటే తెప్పించుకుని చదివారు. రెండు బాగున్నాయి. ఒక్కదాంట్లోనూ యుద్ధం లేదు. యుద్ధం నుంచి ఇంటికి వచ్చాక ఆయన కవిత అంటూ రాయలేదు.

2009లో పెన్‌రిడ్జ్ జీవితం గురించి తెలుగులో పదకొండు పేజీలు రాసి అమెరికాలో జరిగే తెలుగు మహాసభల సంచికకు పంపారు. ఒక దంతవైద్యుడి ప్రకటనకీ, హైదరాబాద్ ప్లాట్ల ప్రకటనకీ మధ్య వేశారు. అది చదివి ఒక్కరు ఫోన్ చేశారు. ఆవిడ లీలావతి గారు, అమెరికాలోనే ఇంకో మూల పార్సిప్పనీలో ఉండే రిటైర్డ్ డాక్టరు.

"వసుమతి గారూ, తిరిగొచ్చాక ఆయన కవిత్వం మానేశారని రాశారు. ఎందుకని మానేశారు?"

"తెలియదండీ. తెలియనిది మళ్లీ చెప్పదలుచుకోలేదు."

"నవలల్లో ఎక్కడైనా దొరుకుతుందేమో. కలిసి చదువుదామా?"

ఆ ఆదివారం నుంచి ఫోన్‌లో వారానికో అధ్యాయం మొదలుపెట్టారు. ఐదేళ్లలో ఆరు నవలలయ్యాయి. కారణం దొరకలేదు. నాలుగో నవల లీలావతి గారికి చాలా నచ్చింది, వసుమతి గారికి అసలు నచ్చలేదు. 2014లో లీలావతి గారు మొదటిసారి ప్లేనో వచ్చి మూడు రోజులున్నారు. ఆ మూడు రోజులూ ఇద్దరూ దాని మీదే వాదించుకున్నారు. వంట రాజారావు గారు చేశారు.