దించక్కా, వేగినాయి!

మా అమ్మ లెక్కలో వంటలు రెండే రకాలు: చెనక్కాయ పడినవి, పడనివి. పడనివి ఒంట్లో బాగాలేనప్పుడు మాత్రమే. వంకాయలోకి చెనక్కాయ పొడి, దోసెలోకి చట్నీ, సంగటిలోకి ఊరిబిండి. వేయించిన వేరుశనగ విత్తనాలు, మిరపకాయలు, చింతపండు రోట్లో దంచి, చివర్లో ఉల్లిపాయ నలిపి చేసే ఆ ఊరిబిండి లేనిదే మా నాయనకు ముద్ద దిగదు. తిరుపతిలో కాపురముంటున్న నేను చిత్తూరు బస్సెక్కేది సగం అమ్మ కోసం, సగం దాని కోసం.

విత్తనాలు వేయించేటప్పుడు అమ్మ గరిటె నా చేతికిచ్చేది కానీ, దించే అధికారం మాత్రం ఇచ్చేది కాదు. పెరట్లో బట్టలు ఆరేస్తూనే "చాలు, దించు" అని కేకేసేది. పొట్టు రంగు చూసి మోసపోతామట, వాసనొక్కటే నిజం చెబుతుందట.

అలాంటి మనిషికి కరోనా జ్వరంలో వాసన పోయింది. జ్వరం తగ్గి నెలలు గడిచినా తిరిగి రాలేదు. ఆ సంగతి అమ్మ చెప్పలేదు, మాడిన ఊరిబిండి చెప్పింది. నాయన నోరు మెదపకుండా తిన్నాడు. ఏనాడూ వంక పెట్టకుండా కంచం ముందు నుంచి లేచిన మనిషి కాదాయన. అమ్మకు అర్థమైపోయింది.

"ఇంక నా చేత కాదు. అంగట్లో కొనుక్కొచ్చుకోండి" అని గరిటె పక్కన పడేసింది. నాకు ఏడుపొచ్చింది. వంటింట్లోంచి బయటికొచ్చేస్తే అమ్మకు ఇంట్లో ఇంకెక్కడా చోటు లేనట్టనిపించింది.

మా గోడ అవతల ఒక దర్జీ కుటుంబం ఉండేది. అదే జ్వరానికి ఆ దర్జీ పోయాడు. ఒంటరిగా మిగిలిన ఆయన భార్య గడప దాటడం, మాట్లాడడం మానేసింది. కొన్నాళ్ళకు అమ్మ ఉండబట్టలేక మళ్ళీ బాణలి పెట్టింది. కిటికీ తెరిచి ఉంది. ఉన్నట్టుండి గోడ అవతలి నుంచి ఆమె కేక.

"దించక్కా, వేగినాయి! మాడిపోతాయి!"

అమ్మ ఉలిక్కిపడి దించింది. ఆ పూట ఊరిబిండి అచ్చం పాత ఊరిబిండే. అప్పటి నుంచి అదే వాడుకైంది. ఇటు నుంచి గిన్నెలో ఊరిబిండి పోతుంది, అటు నుంచి బగారా వంకాయ వస్తుంది. "చెనక్కాయ పిసినారితనంగా ఏసినావు అమ్మణ్ణీ" అని అమ్మ దెప్పుతుంది, గోడ అవతల నవ్వు వినిపిస్తుంది.

మొన్న వెళ్ళినప్పుడు నేను పొయ్యి మీద పాలు పెట్టి ఫోను చూస్తున్నాను. పెరట్లోంచి అమ్మ అరిచింది. "పాలు అడుగంటతా ఉండాయి, సూడు!"

నేను తెల్లబోయాను. "అమ్మా, నీకు వాసన తెలుస్తా ఉండాదా?"

అమ్మ గబగబా వచ్చి నా నోరు మూసింది. "మెల్లిగా. చానా దినాలైంది."

"మరి గోడవతల ఆయమ్మకు చెప్పలేదేం?"

"చెప్తే ఆయమ్మ ఇంక ఎవురికి కేకేస్తాది?" అంటూ బాణలి పెట్టి విత్తనాలు పోసింది.

కమ్మటి వాసన లేచింది. వేగిపోయాయని నాకే తెలుస్తోంది. అమ్మ మంట తగ్గించి, గరిటె తిప్పుతూ, చెవి గోడవైపు పెట్టి నిలబడింది. ఆ రోజు కేక కాస్త ఆలస్యంగా వచ్చింది. అది వచ్చాకే అమ్మ దించింది.

మధ్యాహ్నం ఊరిబిండి మాడువాసన కొట్టింది. నాయన కిక్కురుమనకుండా ఇంకో ముద్ద పెట్టించుకున్నాడు.